శవం ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ఈసారి ప్రశ్నలన్నీ పోస్ట్‌మార్టం, ఫోరెన్సిక్ ల్యాబుల చుట్టూనే వచ్చాయి. కొన్ని సీరియల్స్ చూసి సరదాగా అడిగినవి, కొన్ని ఇంట్లో మనిషిని పోగొట్టుకుని, ఆ బాధలో రాసినవి. పేర్లూ ఊర్లూ వేయడం లేదు.

ప్రశ్న: సీరియల్స్‌లో డాక్టర్ శవాన్ని ఒక్కసారి చూసి "రాత్రి 11కీ 11:30కీ మధ్య ప్రాణం పోయింది" అనేస్తాడు. నిజంగా అంత కచ్చితంగా చెప్పొచ్చా?

చెప్పలేరండి. అరగంట లెక్కన ఎవరైనా ధీమాగా చెప్తుంటే నాకు భయమేస్తుంది. ఎందుకో చెప్తాను.

మనిషి పోయాక మొదటి రోజు మేం చూసేవి ముఖ్యంగా మూడు. ఒళ్లు చల్లబడటం, రక్తం కిందికి దిగి మచ్చలు కట్టడం, ఒళ్లు కొయ్యబారడం. గుండె ఆగిపోయాక రక్తం తన బరువుకి తనే కిందికి దిగుతుంది, వెల్లకిలా పడి ఉంటే వీపు వైపు, బోర్లా పడి ఉంటే ఛాతీ, పొట్ట వైపు ఊదారంగు మచ్చలు కడతాయి. అరగంట నుంచి రెండు గంటల లోపు ఇవి కనిపించడం మొదలవుతుంది. మొదట్లో బొటనవేలితో గట్టిగా నొక్కి తీస్తే ఆ చోటు తెల్లబడి, కాసేపటికి మళ్లీ రంగు తిరుగుతుంది. సుమారు 8 నుంచి 12 గంటలు గడిచాక ఎంత నొక్కినా తెల్లబడదు. నేలకి ఆనుకున్న భుజాలు, పిరుదుల దగ్గర మాత్రం మచ్చ ఉండదు, బెల్టు బిగుతుగా ఉన్నచోట, చొక్కా మడత నలిగినచోట కూడా తెల్లటి గీత అలాగే మిగిలిపోతుంది. బోర్లా దొరికిన శవానికి మచ్చలన్నీ వీపు మీద ఉంటే, చనిపోయిన కొన్ని గంటల తర్వాత ఎవరో దాన్ని తిప్పారని అర్థం. నా దృష్టిలో ఈ మచ్చలు టైమ్ చెప్పడం కంటే ఇలాంటి విషయాలు చెప్పడంలోనే ఎక్కువ పనికొస్తాయి.

కొయ్యబారడం కండరాల్లో ఏటీపీ, అంటే కణాలకి శక్తినిచ్చే పదార్థం, అయిపోవడం వల్ల జరుగుతుంది. కండరం బిగుసుకున్నాక మళ్లీ వదులవ్వాలంటే ఏటీపీ కావాలి, అది తయారవడం ఆగిపోయింది కాబట్టి బిగిసినది బిగిసినట్టే ఉండిపోతుంది. అన్ని కండరాల్లోనూ ఒకేసారి మొదలైనా కనురెప్పలు, దవడ దగ్గర ముందు తెలుస్తుంది. మామూలు వాతావరణంలో రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలై, పన్నెండు గంటలకి ఒళ్లంతా బిగుసుకుని, ఒకటి ఒకటిన్నర రోజులో కుళ్లడం మొదలయ్యాక వదులవుతుంది. ఎండ మండిపోతుంటే ఇదంతా చాలా త్వరగా అయిపోతుంది, చలిలో రోజుల తరబడి సాగుతుంది. చనిపోయే ముందు పరుగెత్తినా, పెనుగులాడినా, ఒంట్లో జ్వరం ఉన్నా లెక్క మళ్లీ మారుతుంది.

ఉష్ణోగ్రత కొంచెం నమ్మకమైనది. లోపలి ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, శరీరం బరువు, ఒంటిమీద బట్టలు, ఇవన్నీ కలిపి లెక్కగట్టే పద్ధతిని జర్మనీలో హెన్స్‌గే అనే నిపుణుడు తయారుచేశాడు, ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. అన్నీ బాగా కుదిరినా అది చెప్పేది అటు 2.8 గంటలు, ఇటు 2.8 గంటలు తేడాతోనే. అంటే మొత్తం ఐదున్నర గంటల పైచిలుకు వెడల్పు! ఇక బయట వేడి ఒంటి వేడికి దగ్గరగా ఉంటే శరీరం చల్లబడదు కాబట్టి ఈ లెక్కే పనిచేయదు.

కడుపులో అన్నం ఎంత అరిగిందో చూసి టైమ్ చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. కెనడాలో 1959లో పన్నెండేళ్ల పాప హత్య జరిగింది. కడుపులో ఉన్న ఆహారాన్ని బట్టి ఆ పాప సాయంత్రం 7:45 లోపే చనిపోయిందని శవపరీక్ష చేసిన డాక్టర్ (పాథాలజిస్ట్) కోర్టులో చెప్పాడు. ఆ సమయానికి పాపతో కనిపించినవాడు స్టీవెన్ ట్రస్కాట్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడు. ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు, పదేళ్లు లోపలే ఉన్నాడు. ఆ తీర్పు తప్పని కోర్టు కొట్టేసింది 2007లో. భయపడినా, దెబ్బ తగిలినా, టెన్షన్‌లో ఉన్నా జీర్ణం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దాదాపు ఆగిపోతుంది. ఒకే భోజనం ఇద్దరిలో ఒకే వేగంతో అరగదు. ఆ రోజు ఆ డాక్టర్ "కడుపుని బట్టి చెప్పలేను" అని ఉంటే ఆ పిల్లాడి బతుకు ఇంకోలా ఉండేదేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రోజులు గడిచే కొద్దీ పని పురుగుల చేతికి వెళ్తుంది. మెరిసే నీలం, ఆకుపచ్చ రంగు ఈగలు అవకాశం దొరికితే నిమిషాల్లోనే వాలి కళ్లు, ముక్కు, నోరు, గాయాల దగ్గర గుడ్లు పెడతాయి. గుడ్డు, మూడు దశల లార్వా, ప్యూపా, ఈగ, ఈ వరుసలో ఏ దశకి ఎంత టైమ్ పడుతుందన్నది ఈగ జాతిని బట్టి, వేడిని బట్టి మారుతుంది. అందుకే నిపుణులు కొన్ని లార్వాల్ని చంపి భద్రపరుస్తారు, కొన్నింటిని ప్రాణంతో ల్యాబ్‌కి తీసుకెళ్లి ఈగ అయ్యేదాకా పెంచి ఏ జాతో తేలుస్తారు. దాంతో తెలిసేది "కనీసం ఇన్ని రోజులైంది" అని మాత్రమే. శవాన్ని కొన్నాళ్లు బిగుతుగా మూసిన పెట్టెలో పెట్టి ఉంచితే ఆ రోజులు ఈగల లెక్కలోకి రావు.

పెద్దపెద్దవాళ్లు కూడా ఎంత పొరబడ్డారో చెప్పడానికి ఒక్క సంగతి. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో 1977లో ఒక పాత సమాధి దగ్గర తల లేని శవం బయటపడింది. మాంసం ఇంకా గులాబీరంగులోనే ఉంది. ఎముకల శాస్త్రంలో అప్పటికే పేరున్న విలియం బాస్ చూసి, చనిపోయి ఏడాది కూడా దాటలేదని అంచనా వేశారు. తీరా చూస్తే అది 1864లో యుద్ధంలో పోయిన సైనికాధికారిది. మందులు పట్టించి ఇనుప పెట్టెలో పెట్టడంతో అలా నిలిచిపోయింది. 113 ఏళ్ల తేడా! ఆయన దాన్ని దాచిపెట్టలేదు. శవం ఎలా శిథిలమవుతుందో మనకు తెలిసింది ఇంత తక్కువా అని, ప్రజలు దానం చేసిన దేహాల్ని ఆరుబయట ఉంచి రోజురోజూ గమనించే పరిశోధనా కేంద్రం నాక్స్‌విల్‌లో మొదలుపెట్టారు. ఈ రంగంలో నాకు బాగా గౌరవం ఉన్న మనుషుల్లో ఆయనొకరు.

ప్రశ్న: మా పెదనాన్న రాత్రి పడుకుని నిద్రలోనే పోయారు. పొద్దున చూస్తే వీపంతా నీలంగా ఉంది. మర్నాటికి ముక్కులోంచి, నోట్లోంచి రక్తం లాంటిది కారింది. విషం పెట్టారని బంధువులు అంటున్నారు. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నాం.

మీరు రాసిన రెండు గుర్తుల్లో ఏదీ విషానికి రుజువు కాదు. ముందు ఇది మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

వీపు నీలంగా మారడం పైన చెప్పిన మచ్చలే. వెల్లకిలా పడుకుని పోయిన ప్రతి మనిషికీ, ఎంత సహజంగా పోయినా సరే, అవి వస్తాయి. గుండె జబ్బుతో పోయినవాళ్లకి మరీ ముదురుగా కనిపించడమూ మామూలే. చర్మం కింద చిన్నచిన్న రక్తనాళాలు పగిలి చుక్కలు చుక్కలుగా కూడా ఏర్పడతాయి, చూసినవాళ్లు వాటిని దెబ్బలనుకుంటారు. కమిలిన దెబ్బకీ ఈ మచ్చకీ తేడా చర్మం కోసి చూస్తే తెలుస్తుంది. దెబ్బ అయితే రక్తం నాళాల బయట కండలోకి ఇంకి ఉంటుంది, కడిగినా పోదు. మచ్చ అయితే రక్తం నాళాల్లోనే ఉంటుంది.

ముక్కులోంచి కారినది కూడా అసలు రక్తం కాదు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా చావుతో ఆగవు, పొట్టలో గ్యాస్ పుట్టించి ఉబ్బిస్తాయి, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని ఎర్రటి ద్రవం పైకి తన్నుకొస్తుంది. వేడిగా ఉన్నచోట ఒక్క రోజులోనే ఇలా అవుతుంది. పొట్ట కుడివైపు కింద ఆకుపచ్చ రంగు రావడం కూడా ఈ వరుసలోదే.

రంగుని బట్టి అనుమానించాల్సిన విషవాయువు ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్. దానితో పోయినవాళ్ల మచ్చలు ఎర్రగా, చెర్రీ పండు రంగులో ఉంటాయి, చూస్తే మనిషి ఆరోగ్యంగా నిద్రపోతున్నట్టు ఉంటుంది. అయితే బాగా చల్లటి చోట ఉన్న శవానికి కూడా గులాబీ రంగు వస్తుంది కాబట్టి అదొక్కటే చూసి తేల్చరు, రక్తం పరీక్షించాలి. చాలా విషాలు బయటికి ఏ గుర్తూ చూపించవు.

మీ పెదనాన్నగారికి పోస్ట్‌మార్టం జరిగిందో లేదో మీరు రాయలేదు. జరిగి ఉంటే ఆ రిపోర్ట్‌లో గుండె రక్తనాళాల గురించి ఏం రాశారో చూడండి. జరగకుండానే అంత్యక్రియలు అయిపోయి ఉంటే, వీపు రంగు చూసి ఒకరి మీద నేరం మోపడం మాత్రం అన్యాయం.

ప్రశ్న: మా ఆయన వయసు 38. ఆఫీసులోనే కుప్పకూలి పోయారు. పోస్ట్‌మార్టం రిపోర్ట్‌లో "ల్యాబ్ ఫలితాలు వచ్చాక తుది అభిప్రాయం" అని రాసి వదిలేశారు. నెలలు గడుస్తున్నాయి. ఏదైనా దాస్తున్నారా?

అమ్మా, మీ ఆందోళన నాకు అర్థమవుతోంది. ఆ ఒక్క వాక్యాన్ని బట్టి దాస్తున్నారని అనుకోవాల్సిన పని లేదు. కోసి చూసినప్పుడు కంటికి కనబడే కారణం దొరక్కపోతే నిజాయితీ ఉన్న డాక్టర్ రాయాల్సింది అదే.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. కాలేయం, కిడ్నీ, కడుపు, పేగు ముక్కలు, రక్తం, వీలైతే మూత్రం తీసి సీలు వేసి విషపరీక్షకి పంపుతారు. వీటినే మార్చురీలో విసెరా అంటారు. గుండె, మెదడు, ఊపిరితిత్తుల ముక్కలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి ఇంకో ల్యాబ్‌కి, మైక్రోస్కోప్ కింద చూడటానికి పంపుతారు. మొదటి కొన్ని గంటల్లో జరిగిన గుండెపోటు కంటికి కనిపించదు, మైక్రోస్కోప్‌కి కూడా ఒక్కోసారి దొరకదు.

విషపరీక్ష అంటే ఒక చుక్క వేస్తే పేరు బయటపడే పరీక్ష అనుకుంటారు చాలామంది. అన్ని విషాల్నీ ఒకేసారి పట్టే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. ముందు ఏ జాతి మందో గుర్తించే ప్రాథమిక పరీక్ష, తర్వాత దాన్ని విడదీసి అణువు బరువుతో ఖాయం చేసే యంత్రాలు, ఆ తర్వాత ఎంత మోతాదు ఉందన్న లెక్క. మోతాదు కూడా తికమక పెడుతుంది. కొన్ని మందులు చనిపోయాక కాలేయం, గుండె కండరాల నుంచి బయటికొచ్చి గుండెలోని రక్తంలో చేరతాయి, దాంతో అక్కడి రక్తంలో అసలు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే తొడ దగ్గరి నాళం నుంచి రక్తం తీయాలి అంటాం. ఆల్కహాల్ అయితే కుళ్లే శరీరంలో బ్యాక్టీరియా సొంతంగా తయారుచేస్తుంది కూడా! ఎప్పుడూ తాగని మనిషి రక్తంలో ఆల్కహాల్ ఉందని రిపోర్ట్ వస్తే ఆ కుటుంబం ఎంత నలిగిపోతుందో ఆలోచించండి. కంటి లోపలి ద్రవంలో కూడా చూసి పోల్చితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఈ విద్య మొదలైందే ఇలాంటి ఓ దెబ్బతో. ఇంగ్లండ్‌లో 1830ల మొదట్లో తాతకి కాఫీలో ఆర్సెనిక్ కలిపాడన్న కేసులో జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త విషాన్ని గుర్తించాడు. కానీ విచారణ నాటికి ఆ నమూనా పాడైపోయింది, జ్యూరీ మనవణ్ణి వదిలేసింది, తర్వాత అతనే నేరం ఒప్పుకున్నాడు. ఆ కోపంతో మార్ష్ కూర్చుని, అతి కొద్ది ఆర్సెనిక్‌ని కూడా గాజు మీద నల్లటి పూతలా పట్టి చూపించే పరీక్షని 1836లో ప్రకటించాడు. అప్పట్నుంచి ఆర్సెనిక్‌తో చంపి తప్పించుకోవడం కష్టమైంది.

మీరు చేయాల్సింది ఇది. పోస్ట్‌మార్టం నంబరు, తేదీ పట్టుకుని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా రెండు విషయాలు అడగండి, విసెరా ల్యాబ్‌కి ఏ తేదీన చేరింది, రిపోర్ట్ వచ్చి ఉంటే పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కి పంపారా అని. చాలాసార్లు ల్యాబ్ రిపోర్ట్ వచ్చి ఫైల్లోనే ఉండిపోతుంది, దాన్ని డాక్టర్ ముందు పెట్టి తుది అభిప్రాయం అడిగేవాళ్లే ఉండరు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. అన్ని రిపోర్టులూ వచ్చాక కూడా "కారణం తేలలేదు" అని రావచ్చు. గుండె లయ తప్పి ఆగిపోతే శరీరంలో ఏ ఆనవాలూ మిగలదు. అలాంటి లోపాలు కొన్ని వంశంలో వస్తాయి. కాబట్టి పిల్లలుంటే వాళ్లకీ, మీ ఆయన అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ ఒకసారి గుండె డాక్టర్‌తో ఈసీజీ తీయించండి. రిపోర్ట్ కోసం ఆగకుండా ఈ పని మాత్రం ఇప్పుడే చేయండి.

ప్రశ్న: పోస్ట్‌మార్టం అంటే మనిషిని ముక్కలు చేసి ఇస్తారని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. నిజంగా ఏం చేస్తారు?

ముక్కలు చేయరు. గొంతు కింద నుంచి పొత్తికడుపు దాకా నిలువుగా ఒక కోత, కొన్నిచోట్ల భుజాల నుంచి మొదలుపెట్టి వై ఆకారంలో పెడతారు. తలకైతే ఒక చెవి వెనక నుంచి రెండో చెవి వెనక దాకా మాడు మీదుగా జుట్టులో కోసి, పుర్రె పైభాగం తీసి మెదడు చూస్తారు. అవయవాల్ని బయటికి తీసి, తూచి, కోసి చూసి, పరీక్షకి కావాల్సిన చిన్న ముక్కలు ఉంచుకుని మిగతావి లోపల పెట్టి కుట్టేస్తారు. ముఖం మీద కత్తి పెట్టాల్సిన అవసరం చాలా అరుదు. బట్టలు వేశాక కుట్లు కనబడవు, తలమీద కుట్టు జుట్టులో కలిసిపోతుంది.

అసలు కోతకి ముందు జరిగే పనే ఎక్కువ. బట్టల మీద మరకలు, గోళ్ల కింద మట్టి, అరచేతుల మీద గీతలు, ప్రతి గాయం కొలత, అది మడమ నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ రాయాలి, ఫొటో తీయాలి. ఎవరైనా దాడి చేస్తుంటే మనం చేతులు అడ్డం పెడతాం కదా, ముంజేతి బయటివైపు, వేళ్ల మధ్య ఉండే తెగిన గాయాలు ఒక్కోసారి గుండెలో దిగిన పోటు కంటే ఎక్కువ విషయం చెప్తాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కోతకి ముందు సీటీ స్కాన్‌తో చూసే పద్ధతిని బాగా అభివృద్ధి చేశారు, విరిగిన ఎముకలకి, లోపల మిగిలిన బుల్లెట్లకి అది అద్భుతంగా పనికొస్తుంది. విషానికి, చాలా గుండె జబ్బులకి మాత్రం ఇంకా కోతే కావాలి. మీ అమ్మగారితో డాక్టర్‌ని ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడమనండి. అడిగితే చాలామంది మాట్లాడతారు.

ప్రశ్న: చనిపోయాక జుట్టు, గోళ్లు పెరుగుతాయట కదా?

పెరగవు. చర్మం ఎండి వెనక్కి ముడుచుకుంటుంది, అందుకే గోళ్లు, గడ్డం బయటికొచ్చినట్టు కనిపిస్తాయి.

ప్రశ్న: నీళ్లలో దొరికిన శవం మునిగి చనిపోయిందో, చంపి పడేశారో ఎలా తెలుస్తుంది?

ఈ పనిలో కష్టమైన ప్రశ్నల్లో ఇదొకటి. నోటి దగ్గర, ముక్కు దగ్గర తెల్లటి సన్నటి నురగ, తుడిచినా మళ్లీ వచ్చేది, ఉంటే మునిగే సమయానికి ఊపిరి ఉందని గట్టిగా అనుమానించవచ్చు. ఊపిరితిత్తులు ఉబ్బి ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఉంటాయి. గుప్పెట్లో నాచు, గడ్డి బిగించి పట్టుకుని ఉంటే ప్రాణంతో పెనుగులాడినట్టే. అయితే గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు, కొన్ని మందుల మోతాదు మించినప్పుడు కూడా నురగ వస్తుంది. చేతుల చర్మం తెల్లబడి ముడతలు పడటం చూసి మునిగిపోయారనుకుంటారు, అది నీళ్లలో ఉన్న ఏ శవానికైనా వస్తుంది, బట్టలుతికే బతికున్న చేతులకీ వస్తుంది.

డయాటమ్‌లు అని నీళ్లలో ఉండే కంటికి కనపడని నాచు కణాలుంటాయి, వాటికి ఇసుకలాంటి గట్టి పెంకు. గుండె కొట్టుకుంటుండగా నీళ్లు లోపలికి పోతే అవి రక్తంతో ఎముక మజ్జ దాకా వెళ్తాయి. మజ్జలో దొరికినవి, ఆ చెరువు నీళ్లలోవి ఒకే రకమా అని చూస్తారు. దీన్ని ఎంత నమ్మాలన్న దానిమీద నిపుణుల మధ్య వాదన ఇంకా తెగలేదు. అందుకే మునిగి చనిపోవడాన్ని తేల్చాలంటే మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసేయాలి. అలా తేల్చినా తనే దూకాడా, జారాడా, తోశారా అన్నది శవం చెప్పదు. గట్టు మీద జారిన ఆనవాళ్లు, చివరి ఫోన్ కాల్, చూసినవాళ్ల మాట, అక్కడే వెతకాలి.

మంటల్లో దొరికిన శవం విషయంలో ఇంత చిక్కు ఉండదు. శ్వాసనాళం లోపల మసి, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మంట అంటుకున్నప్పటికి ఊపిరి ఉంది. చేతులు మడిచి పిడికిళ్లు బిగించి బాక్సర్‌లా కనిపించడాన్ని మాత్రం పెనుగులాట అనుకోకండి, అది వేడికి కండరాలు కుంచించుకుపోవడం అంతే.

ప్రశ్న: డీఎన్‌ఏ మ్యాచ్ అయితే ఇక నేరం రుజువైనట్టే కదా? వేలిముద్రల సంగతి?

ఆ మనిషి కణాలు అక్కడ ఉన్నాయన్నంతవరకే డీఎన్‌ఏ చెప్పేది. ఎప్పుడు వచ్చాయి, ఎలా వచ్చాయి అన్నది చెప్పదు.

అలెక్ జెఫ్రీస్ 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఈ పద్ధతి కనిపెట్టాడు. దాన్ని హత్యకేసులో మొదటిసారి వాడినప్పుడు జరిగింది చాలామందికి తెలియదు, ముందు ఒక అమాయకుడు బయటపడ్డాడు. ఇద్దరు అమ్మాయిల్ని చంపిన కేసులో పదిహేడేళ్ల కుర్రాడు ఒక హత్య తనే చేశానని ఒప్పేసుకున్నాడు. రెండు హత్యలూ చేసింది ఒక్కడేనని, వాడు ఈ కుర్రాడు కాదని డీఎన్‌ఏ తేల్చింది. ఆ చుట్టుపక్కల వేలమంది మగవాళ్ల నమూనాలు తీసుకున్నారు, అసలువాడు తన బదులు ఇంకొకణ్ణి పంపించి, చివరికి దొరికి 1988లో శిక్షపడ్డాడు.

ఇక జర్మనీలో పోలీసులు ఏళ్ల తరబడి ఒక ఆడ హంతకి కోసం వెతికారు. హత్యలు, దొంగతనాలు, ఎక్కడ చూసినా ఆమె డీఎన్‌ఏనే, సుమారు 40 చోట్ల. ఒక మగవాడి వేలిముద్రల కాగితం మీద కూడా ఆమె డీఎన్‌ఏ దొరికేసరికి 2009లో అసలు విషయం బయటపడింది. నమూనాలు తీసే దూదిపుల్లలకే ఆ డీఎన్‌ఏ అంటుకుని ఉంది, వాటిని ప్యాక్ చేసే పనిలో ఉన్న ఒక ఉద్యోగినిది! ఆ పుల్లలు స్టెరైల్ చేసినవే, కానీ స్టెరైల్ అంటే క్రిములు చచ్చాయని, డీఎన్‌ఏ పోయిందని కాదు. కాలిఫోర్నియాలో 2012లో ఇంకోటి జరిగింది. హత్యకి గురైన మనిషి గోళ్ల కింద ఒకతని డీఎన్‌ఏ దొరికింది, అరెస్ట్ చేశారు. ఆ రాత్రంతా అతను తాగి పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని చూసిన అంబులెన్స్ సిబ్బందే ఆ తర్వాత హత్య జరిగిన ఇంటికీ వెళ్లారు.

వేలిముద్రల విషయంలో మనవాళ్ల పాత్ర చెప్పకపోతే తప్పు. ప్రపంచమంతా హెన్రీ పద్ధతి అని పిలిచే వర్గీకరణ వెనక లెక్కంతా కలకత్తాలో పనిచేసిన అజీజుల్ హక్, హేమ్ చంద్ర బోస్‌లది. అక్కడే 1897లో వేలిముద్రల బ్యూరో వచ్చింది. డీఎన్‌ఏ ఒకేలా ఉండే కవలలకి కూడా వేలిముద్రలు వేరుగా ఉంటాయి. కానీ నేరం జరిగినచోట దొరికేది పూర్తి ముద్ర కాదు, చెదిరిన సగం ముక్క, దాన్ని పోల్చేది మనిషి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఒక సంచి మీది ముద్ర అమెరికాలోని ఒక లాయర్‌దేనని ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తర్వాత ఒకరు ఖాయం చేశారు, కోర్టు పెట్టిన నిపుణుడు కూడా అవునన్నాడు. స్పెయిన్ పోలీసులు మాత్రం కాదంటూనే ఉండి, చివరికి అది వేరొకరిదని చూపించారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. మొదటివాడు "అదే" అన్నాక రెండోవాడికి కూడా అదే కనబడుతుంది, కాబట్టి రెండోవాడికి మొదటివాడి జవాబు తెలియకుండా చూపించాలి. ఇంత తేలికైన జాగ్రత్త ప్రతి ల్యాబులోనూ తప్పనిసరి చేయకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. ఫోరెన్సిక్ ఫీల్డ్‌లోకి రావాలని చాలా ఇష్టం. ఏం చదవాలి?

ముందు నీకు ఏది ఇష్టమో తేల్చుకోమ్మా, ఎందుకంటే ఇవి రెండు వేరే దారులు. శవపరీక్ష చేయాలంటే డాక్టర్ కావాలి, వైద్యవిద్య పూర్తి చేసి ఫోరెన్సిక్ మెడిసిన్‌లో స్పెషలైజ్ చేయాలి. ల్యాబులో డీఎన్‌ఏ, విషాలు, తుపాకులు, చేతిరాత చూసేవాళ్లు సైన్స్ చదివినవాళ్లు. కెమిస్ట్రీ మీద ఇష్టమైతే విషశాస్త్రం, జీవశాస్త్రం అయితే డీఎన్‌ఏ లేదా కీటకాలు, ఎముకలంటే ఆంత్రోపాలజీ. పెద్ద ప్రమాదాల్లో గుర్తుపట్టలేని శవాలకి పేరు తిరిగి ఇచ్చేది చాలాసార్లు పళ్ల డాక్టర్లే, కాబట్టి ఆ దారి కూడా ఉంది.

టీవీలో చూపించినట్టు ఒకే మనిషి శవాన్ని కోసి, డీఎన్‌ఏ చూసి, దొంగని తరుముకుంటూ వెళ్లడం ఎక్కడా ఉండదు. రోజులో సగం రాతపనే. మిగతాది నిలబడి చేసే పని, వాసనలో చేసే పని, ఆపైన కోర్టుకెళ్లి లాయర్ గంటసేపు గుచ్చిగుచ్చి అడుగుతుంటే సహనంగా "అంతకంటే చెప్పలేను" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పే పని. చిన్నపిల్లల కేసులు వచ్చిన రోజు ఇంటికెళ్లాక అన్నం సహించదు, ఎన్నేళ్లయినా అది అలవాటు కాదు. ఇవన్నీ తెలిసి కూడా నేను ఈ పని తప్ప ఇంకోటి ఎంచుకోను. తెలిసినవాళ్ల ద్వారా ఏదైనా మెడికల్ కాలేజీలో అనుమతి అడిగి ఫోరెన్సిక్ మ్యూజియం ఒకసారి చూసిరా, జాడీల్లో ఉన్నవి చూసి తట్టుకోగలవో లేదో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా ఇష్టం పోకపోతే, డాక్టర్ దారో ల్యాబ్ దారో ఏది అనుకున్నావో రాయి, దాని వివరాలు ఇక్కడే ఇస్తాను.